గాలికొండ వరసకు మైదానం బాకీ

తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం ఏది? ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి భూగోళ పుస్తకం ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పిన జవాబు మహేంద్రగిరి, ఎత్తు 1,501 మీటర్లు. అరకు లోయ అంచున నిలిచిన గాలికొండ ఎత్తేమో 1,643 మీటర్లు. అక్కడి నుంచి నైరుతిగా హుకుంపేట, పాడేరు దిక్కుకు సాగితే అర్మకొండ వస్తుంది. జిందగడ అనీ, సీతమ్మకొండ అనీ కూడా దాన్ని పిలుస్తారు. దాని ఎత్తు ఒక పుస్తకంలో 1,680 మీటర్లుంటే ఇంకో పుస్తకంలో 1,690 ఉంటుంది. ఉత్తరాన సరిహద్దు దాటితే ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో దేవమాలి, 1,672 మీటర్లు. మహేంద్రగిరిని మించిన కొండ ఒకటి కాదు, ఒక వరసే ఉందన్నమాట. ఆ వరసలో ఎక్కువ భాగం తెలుగు నేల మీదే ఉంది.

పొరపాటు ఎలా జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మహేంద్రగిరి సముద్రానికి దగ్గరగా, పల్లపు నేల నుంచి ఒక్కసారిగా లేస్తుంది. శ్రీకాకుళం దాటి ఉత్తరానికి వెళ్లే రైల్లోంచి చూసినవాడికి ఆ కొండే రాజుగా కనిపిస్తుంది. అర్మకొండ అలా కాదు. అది పుట్టిందే దాదాపు 900 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద. అరకులో నిలబడినవాడు అప్పటికే తొమ్మిది వందల మీటర్లు ఎక్కేసి ఉంటాడు కనుక, అతని కంటికి మిగిలేది ఇంకో ఏడెనిమిది వందల మీటర్లే. చుట్టూ అదే ఎత్తులో గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చిత్తమొగొండి నిలబడి ఉండగా ఏదీ తల ఎగరేసినట్టు కనిపించదు.

పోటీ పరీక్షలో ఒక మార్కుతో తేలిపోయే సంగతైతే దీని గురించి ఇంత చెప్పనక్కర్లేదు. ఒక కొండవరసలో తల ఏదో, తోక ఏదో కూడా తెలియనితనం అక్కడితో ఆగలేదు. ప్రభుత్వాలు ఈ వరసను ఎప్పుడూ ఒకటిగా చూడలేదు. ఒక శిఖరం గనుల శాఖకు, దాని కింది అడవి అటవీ శాఖకు, వాలు విద్యుత్తు ప్రాజెక్టుకు, గెడ్డ నీటిపారుదల శాఖకు, మేఘాలు పర్యాటక శాఖకు పంచేశారు. పశ్చిమ కనుమలకు 2010లో మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన నిపుణుల సంఘం వచ్చింది. దాని మీద వాదోపవాదాలు నడిచాక కస్తూరిరంగన్ సంఘం వచ్చింది. 2012లో ఆ కనుమల్లోని 39 ప్రదేశాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. ఆ నివేదికలు ఎంతవరకు అమలయ్యాయన్నది వేరే చర్చ. కనీసం ఆ కొండలన్నిటినీ ఒకే దేహంగా చూసి రాసిన కాగితమంటూ ఒకటుంది. తూర్పు కనుమలకు అంతపాటి కాగితం కూడా దక్కలేదు.

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే ఈ వరస ఆకారం కాళ్ల కిందే తెలుస్తుంది. తీరపు మైదానం అంచున నేల ఒక్కసారిగా లేస్తుంది. అనంతగిరి దగ్గర మొదటి మెట్టు, గాలికొండ భుజం దాటాక అరకు పళ్లెం, దానికి ఆవల కొరాపుట్ పీఠభూమి. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం 58 సొరంగాల్లోంచి ఈ గోడను ఎక్కింది. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషన్ చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఎత్తయినదిగా పేరు మోసింది. ఇప్పటికీ వానాకాలంలో ఆ దారిలో బండరాళ్లు పట్టాల మీదికి దొర్లుతూనే ఉంటాయి. అద్దాల రైలుపెట్టెలో కూర్చుని లోయల ఫొటోలు తీసుకునేవారికి ఆ గోడ బలం, బలహీనత రెండూ ఒకే కిటికీలోంచి కనిపిస్తాయి.

ఆ రాయిలోనే పెద్ద కథ ఉంది. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్. ఇక్కడి ఖోండు ఆదివాసుల పేరే ప్రపంచమంతటా ఈ రాతికి నిలిచింది. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో విపరీతమైన వేడికి, ఒత్తిడికి నలిగి మారిన రాయి ఇది. దీనికి తోబుట్టువైన రాతి పట్టీ ఇవాళ తూర్పు అంటార్కిటికాలో మంచు కింద ఉంది. అప్పట్లో రెండూ ఒకే నేల. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయి, మధ్యకు సముద్రం వచ్చింది. కోణార్క్ ఆలయం కట్టింది ఖోండలైట్ రాతితోనే. విశాఖలో కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ ఇదే రాతి కొసలు. నగరంలో బీచి ఒడ్డున నడిచే మనిషి కూడా అరకు కొండల చివరి అంచు మీదే నడుస్తున్నాడు.

ఖోండలైట్ వానకు, ఎండకు తేలిగ్గా లొంగిపోతుంది. కోట్ల ఏళ్లపాటు తడిసి ఎండి, తనలోని సిలికా కడుక్కుపోగా, కొండ నెత్తిన అల్యూమినియం మిగిలిన పొర బాక్సైట్. ఇక్కడి కొండలు చాలావాటికి పైభాగం బల్లపరుపుగా ఉండడానికి ఆ గట్టి టోపీయే కారణం. ఆ టోపీ నిండా సన్నటి రంధ్రాలు. వాన దానిలోంచి నెమ్మదిగా దిగుతుంది. అడుగున మెత్తని బంకమట్టి పొర తగిలితే ఇక కిందికి పోలేక పక్కకు పాకి, కొండ మెడ దగ్గర ఊటై బయటికొస్తుంది. ఊళ్లు ఎక్కడ వెలిశాయో చూస్తే ఈ భూగర్భ శాస్త్రమంతా అర్థమవుతుంది. ఊట కింద పాతిక గడపలు, గడపల కింద మెట్లు మెట్లుగా వరి మడులు, ఆ పైన మెట్టల్లో చోడి, సామ, వలిసెలు. మన్యంలో ఎన్నో ఊళ్లకు కరెంటు మోటారు అక్కర్లేకుండా పైపులో దిగే తాగునీరు ఆ ఊటలదే.

ఊటలు కలిస్తే గెడ్డ, గెడ్డలు కలిస్తే నది. ఈ వరస చేసే అసలు పని ఇక్కడుంది.

మాడుగుల కొండల వెన్ను మీద పడిన వానకు రెండు దారులున్నాయి. తూర్పు వాలున పడిన నీరు శారదలో కలుస్తుంది. రైవాడ జలాశయంలో కొంత ఆగి, విశాఖ కుళాయిల్లోకి కొంత పోయి, బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లి చుట్టుపక్కల చెరకును తడిపి బంగాళాఖాతం చేరుతుంది. అదంతా ఒక పూట ప్రయాణమంత దూరం. వెన్నుకు అవతల పడిన నీటిది మాత్రం మహాప్రయాణం. మత్స్యగెడ్డగా మొదలై, మాచ్‌ఖండ్‌గా మారి, సముద్రానికి వీపు పెట్టి ఉత్తరానికి నడుస్తుంది. ఆంధ్ర, ఒడిశాల మధ్య సరిహద్దు గీస్తూ పోయి, జలాపుట్ జలాశయం నింపి, డుడుమ దగ్గర దాదాపు 175 మీటర్ల లోతుకు దూకుతుంది. ఆ దూకుడును పట్టుకుని రెండు రాష్ట్రాల ఉమ్మడి మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955 నుంచి కరెంటు తీస్తోంది. ఆ తర్వాత అదే నీరు సీలేరై నైరుతికి తిరుగుతుంది. దిగువ సీలేరులో 460 మెగావాట్ల టర్బైన్లు తిప్పి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది.

గోదావరి ఎండిన నెలల్లో ధవళేశ్వరం దగ్గర నీరు చాలకపోతే, డెల్టా రైతులు ఎదురుచూసేది సీలేరు నుంచి వదిలే నీటి కోసమే. రబీ వరి పొట్టకొచ్చిన వేళ ఆ నీరు అందకపోతే గోదావరి జిల్లాల్లో పంట నిలవదు. హుకుంపేట కొండమీద కురిసిన వానకు, కొబ్బరితోటల నడుమ ఉన్న వరి మడికి ఉన్న చుట్టరికం ఇది. ఆ మడి గట్టు మీద నిలబడిన రైతుకు మత్స్యగెడ్డ పేరు తెలిసి ఉండకపోవచ్చు. నీటిని లెక్కగట్టే అధికారులకు మాత్రం తెలిసి తీరాలి.

అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తని కథ ఇంకో తీరు. బొర్రా దగ్గర సున్నపురాతిని తొలిచి గుహలు చేసింది ఈ నదే. కిందికి దిగి తాటిపూడి జలాశయం నింపుతుంది. అక్కడి నుంచి విశాఖకు తాగునీరు వెళుతుంది. మిగిలిన నది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది పుట్టేది అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఆగేది విజయనగరం జిల్లాలో, తాగేది విశాఖపట్నం జిల్లాలో. శారదదీ అదే వరస, మధ్యలో అనకాపల్లి వచ్చి చేరుతుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు పాడేరు కొండ, విశాఖ కుళాయి ఒకే కలెక్టరు కింద ఉండేవి. పాడేరు జిల్లా కేంద్రం కావడం న్యాయమే. చిన్న కాగితం కోసం వంద కిలోమీటర్లకు పైగా దిగి రావలసిన దుస్థితి ఆదివాసులకు తప్పింది. అయితే నీరు పుట్టేచోటును, నీరు తాగేచోటును ఒక బల్ల ముందు కూర్చోబెట్టే ఏర్పాటు కూడా ఆ విభజనతోనే పోయింది. దాని స్థానంలో ఇంకేదీ రాలేదు.

కొండవరసను ముక్కలుగా చూసే అలవాటు ఇప్పటిది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. నర్సీపట్నం నుంచి లంబసింగికి ఘాట్ రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్, కొండవాళ్ల చేత చాలీచాలని కూలికి రాళ్లు కొట్టించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లను అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించింది. పటం ముందు పెట్టుకుని చూస్తే అదెలా సాధ్యమైందో బోధపడుతుంది. చింతపల్లి పీఠభూమి మీద ఉంది, మిగతా రెండూ కొండ దిగువన. అటు నుంచి ఇటు దిగే కాలిబాటలన్నీ ఆ దళంలోని గాము సోదరులకు, వారి వెంట నడిచినవారికి కంఠతా వచ్చు. సర్కారుకు కొండ అడ్డుగోడ అయింది, వాళ్లకు అదే రహదారి.

ఆ కొండ నెత్తిన బాక్సైట్ ఉందని తేలాక కథ మళ్లీ మొదలైంది. ఒడిశా వైపు పంచపట్మాలిలో 1980ల నుంచి నాల్కో తవ్వకం నడుస్తోంది. ఇటువైపు గాలికొండ, రక్తకొండ, జెర్రెల, సప్పర్ల పేర్లు గనుల శాఖ ఫైళ్లకెక్కాయి. బొర్రా ప్రాంతంలోని గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటికీ దారి చూపింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. గని నడిచేచోట నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి కేటాయించాలనీ అంది. అయినా 2015లో 97వ నంబరు జీవో వచ్చింది. చింతపల్లి రిజర్వు అడవిలో 1,212 హెక్టార్లను ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగించబోయింది. మన్యం భగ్గుమంది. జీవో అటకెక్కింది, 2019లో లీజులు రద్దయ్యాయి.

ఆ రద్దు సంతోషించదగ్గదే. కానీ ఒక ప్రభుత్వం రద్దు చేసినదాన్ని ఇంకో ప్రభుత్వం తిరిగి తెరవవచ్చు. తవ్వకం వద్దనడానికి చెప్పవలసిన బలమైన కారణం నీరు. ఆ బాక్సైట్ టోపీని తీసేస్తే ఊట ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నను రాతతో, కొలతతో, పటంతో ప్రభుత్వాల ముందు పెట్టినప్పుడే రద్దుకు వేరు దిగుతుంది. ఇదే కనుమల్లో ఒడిశా నియమగిరి మీద 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకే నిర్ణయం వదిలింది. పన్నెండు ఊళ్లూ గని వద్దన్నాయి. శ్రీకాకుళం పొలాలకు దిగివచ్చే వంశధార పుట్టింది ఆ కొండల దాపునే. పన్నెండు ఊళ్ల మాట వంశధార ఆయకట్టు రైతుకూ మేలు చేసింది.

ఇప్పుడు వాలు వంతు వచ్చింది. పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులకు కావలసింది ఎత్తులో ఒక చెరువు, పల్లంలో ఇంకో చెరువు, మధ్యన నిటారు దిగుడు. పగలు సౌర విద్యుత్తు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఇంత నిటారు వాలు తీరానికి ఇంత దగ్గరలో మరెక్కడ దొరుకుతుంది? అందుకే అనంతగిరి మండలం పెదకోట, పార్వతీపురం మన్యంలో కురుకుట్టి, కర్రివలస, వీటికి తోడు ఎర్రవరం ప్రతిపాదనల్లోకి వచ్చాయి. సౌర విద్యుత్తును నిల్వ చేయక తప్పదన్నది నిజం. బొగ్గు తగ్గాలంటే ఈ రకం ప్రాజెక్టులు కొన్ని కావాలి కూడా. అయితే ఒక్కో ప్రాజెక్టును విడిగా తూచి అనుమతి ఇవ్వడం ఈ కొండవరస విషయంలో తప్పు పద్ధతి. ఒక ప్రాజెక్టు నివేదికలో ఒక గెడ్డే కనిపిస్తుంది. నాలుగు ప్రాజెక్టులు కలిస్తే ఎన్ని గెడ్డలు మళ్లుతాయి, సొరంగాలు ఎన్ని ఊటల దారి కోస్తాయి, తాటిపూడికి, రైవాడకు వేసవిలో చేరే నీరు ఎంత తగ్గుతుంది? వరస మొత్తానికి ఒకే అధ్యయనం జరిపితే తప్ప జవాబు రాదు. అది లేకుండా మొదలుపెట్టే పనికి కొండమీది ఊళ్లు ఒప్పుకోకపోతే తప్పుపట్టే హక్కు మైదానానికి లేదు.

నీటి సంగతి ఒక్కటే అయితే కొండను ట్యాంకుగా చూడటమే అవుతుంది. ఈ ఎత్తులో ప్రాణికోటి కూడా వేరు. అబాట్స్ బాబ్లర్ అనే చిన్న పిట్ట ఉండేది హిమాలయాల తూర్పు పాదాల్లో, ఆగ్నేయాసియాలో. అక్కడికీ ఈ కొండలకూ మధ్య వందల కిలోమీటర్లు ఎక్కడా కనిపించదు. ఈ కనుమల తడి అడవుల్లో మాత్రం దాని జాతి విడిగా మిగిలిపోయింది. 1985లో రిప్లీ, బీలర్ అనే శాస్త్రవేత్తలు దానికి విశాఖ పక్షి శాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు మీద ‘కృష్ణరాజుయీ’ అని ఉపజాతి నామం పెట్టారు. ఒక తెలుగు మనిషి పేరు మోస్తున్న పిట్ట ఇక్కడి అడవుల్లో ఉందన్న సంగతి బడి పుస్తకాల్లోకి రావాలి. అడవి చల్లగా, తడిగా ఉన్నంతకాలమే ఆ పిట్ట ఉంటుంది.

కాఫీకీ ఆ చల్లదనమే ప్రాణం. సిల్వర్ ఓక్ నీడన, మిరియం తీగల పక్కన ఆదివాసీ కుటుంబాలు పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటినప్పుడు నగరంలో చెట్లు కూలిన సంగతే దేశమంతా చూసింది. అదే గాలికి కొండమీద సిల్వర్ ఓక్‌లు వరసలు వరసలుగా ఒరిగిపోయి కాఫీ మొక్కలు ఎండకు విడివడ్డాయి. నీడచెట్టు మళ్లీ ఎదగడానికి ఏళ్లు పట్టింది. తుపాను మొదటి దెబ్బ తీరానిదైతే రెండో దెబ్బ ఈ గోడదే. మేఘాన్ని ఆపి వాన కురిపించేదీ ఇదే, ఆ గాలిని ఒంటిమీద కాచుకునేదీ ఇదే.

శీతాకాలంలో వంజంగి కొండ మీద తెల్లవారుజామున గుమిగూడే జనం చూడవచ్చేది ఇదే కొండవరస చేసే ఇంకో పనిని. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే వాలుల మీది గాలి చల్లబడి, బరువెక్కి, లోయలోకి జారి పోగుపడుతుంది. ఆ చలిలో తేమ మబ్బై పరుచుకుంటుంది. పైనున్న గాలి వెచ్చగా ఉండడం వల్ల మబ్బు పైకి లేవలేదు. శిఖరాలు ద్వీపాలై తేలతాయి. లంబసింగిలో చలి సున్నా దాకా దిగడానికీ చాలావరకు ఇదే కారణం. చూడవలసిన దృశ్యమే, రావలసిన జనమే. వచ్చినవారు వదిలివెళ్లే ప్లాస్టిక్ సీసాలు వానకు కొట్టుకుపోయేది మాత్రం ఆ గెడ్డల్లోకే.

చేయవలసిన పనులు అసాధ్యమైనవేమీ కావు. మొదటిది, అనంతగిరి నుంచి గూడెం కొత్తవీధి దాకా వరస పొడుగునా ఊటల లెక్క తీయాలి. వానాకాలంలో ప్రతి బండా కారుతుంది కనుక ఆ లెక్క ఏప్రిల్, మే నెలల్లో, ఊళ్లోని పెద్దవాళ్లను వెంటబెట్టుకుని తీయాలి. రెండోది, ఆంధ్ర, ఒడిశా కలిసి ఒక నిపుణుల సంఘం వేయాలి. మాచ్‌ఖండ్ కరెంటును పంచుకోవడానికి కలవగలిగిన రెండు రాష్ట్రాలు, ఆ నీరు పుట్టే కొండను కాపాడడానికి కలవలేకపోవడానికి కారణం లేదు. మూడోది డబ్బు సంగతి. విశాఖ నగరం, పరిశ్రమలు చెల్లించే నీటి ఛార్జీలో, సీలేరు కరెంటు రాబడిలో కొంత శాతం గెడ్డల ఎగువనున్న ఊళ్లకు నేరుగా వెళ్లాలి. లాభంలో వాటా అన్న సూత్రాన్ని సమత తీర్పు గనుల విషయంలో ఎప్పుడో చెప్పింది. నీటికి దాన్ని వర్తింపజేయడానికి అడ్డేమీ లేదు. గర్భిణిని డోలీలో మోసుకుని కొండ దిగవలసిన ఊళ్లు ఈనాటికీ ఉన్నాయి. వాటికి రోడ్డు వేయడానికి నిధుల్లేవనే మాట, ఆ ఊళ్ల నీటితో నడిచే నగరం నోట రాకూడదు.

ఊటల లెక్కను గ్రామసభ తన రిజిస్టరులో రాసుకోవాలి. ఊట పేరు, అది కలిసే గెడ్డ, దాని మీద బతికే గడపలు, మండువేసవిలో బిందె నిండడానికి పట్టే సమయం అందులో ఉండాలి. ఒక ప్రతి పాడేరు ఐటీడీఏకు, ఒకటి విశాఖ నగరపాలక సంస్థ నీటి సరఫరా విభాగానికి, మరొకటి ధవళేశ్వరం ఇంజినీర్లకు వెళ్లాలి. పెదకోట, కురుకుట్టి ఫైళ్ల మీద సంతకం పెట్టబోయే అధికారి ముందుగా ఆ రిజిస్టరు అడిగి తెప్పించుకోవాలి.